విప్లవకాలపు కార్డినల్ జీవితం ఎలా రాయాలి: మోరీ కథ మీద చేసి చూద్దాం

కార్డినల్ జీవితం రాయమంటే చాలామంది ఒకటే మోస్తరుగా రాస్తారు. ఫలానా ఊళ్లో పుట్టారు, ఫలానా సంవత్సరం గురుపట్టాభిషేకం (అంటే చర్చిలో పూజ చేసే గురువు కావడం), ఫలానా సంవత్సరం బిషప్పు, ఆ తర్వాత ఎర్ర టోపీ, ఆ తర్వాత సమాధి. ప్రశాంతమైన రోజుల్లో బతికిన మనిషికి ఇది సరిపోతుంది. 1789లో ఫ్రెంచి విప్లవం మొదలయ్యాక ఫ్రాన్సులోనో ఇటలీలోనో ఆ పాతికేళ్లు బతికిన మనిషికి మాత్రం చాలదు. ఆ కాలంలో రాజు మారాడు, రాజ్యాంగం మారింది, క్యాలెండర్ మారింది, ఇద్దరు పోపులు ఒకరి తర్వాత ఒకరు ఫ్రెంచి సైన్యం చేతిలో బందీలయ్యారు. ఒక కార్డినల్ పదవుల జాబితాను తారీఖుల వరసలో పెట్టేస్తే అది నిజమే అవుతుంది గానీ, చదివినవాడికి ఏమీ అర్థం కాదు.

నేను చెప్పే పద్ధతి ఒక్క ముక్కలో ఇది. ప్రతి మలుపు దగ్గరా ఆగి, ఈ పదవి ఇచ్చింది ఎవరు, ఊడబీకగలిగేది ఎవరు అని అడగండి. మిగతా వ్యాసమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. చేసి చూడటానికి జాన్ సిఫ్రెన్ మోరీని తీసుకుంటున్నాను. చెప్పులు కుట్టే ఇంట్లో పుట్టి, ప్రసంగాలతో పైకొచ్చి, విప్లవ సభలో చర్చి తరఫున అందరికంటే గట్టిగా అరిచి, పోపు చేత కార్డినల్ అయి, చివరికి అదే పోపు పీఠానికి ఎదురుతిరిగిన నెపోలియన్ దగ్గర పారిస్ అగ్రపీఠం, అంటే ఆర్చిబిషప్పు పదవి, పుచ్చుకున్న మనిషి. గోడ మీద పిల్లి అని ఒక్క మాటలో కొట్టిపారేయడం తేలిక, చాలామంది చేసిందీ అదే. ఆ తేలిక దారి పట్టకుండా రాయడం ఎలా అన్నదే ఇక్కడి పని.

పుట్టిన తేదీ కంటే ముందు మ్యాపు చూడండి

మోరీ 1746 జూన్ 26న వల్రెయాస్ అనే ఊళ్లో పుట్టాడు. మీరు ఇప్పటి మ్యాపు తెరిస్తే అది దక్షిణ ఫ్రాన్సులో కనిపిస్తుంది, వెంటనే "ఫ్రెంచి కార్డినల్" అని రాసేస్తారు. ఆగండి. 1746లో ఆ ఊరు ఫ్రెంచి రాజుది కాదు, పోపుది. అవిన్యాన్ పట్టణం, దాని పక్కనున్న కొంతా వెనెసాఁ ప్రాంతం మధ్యయుగాల నుంచి పోపుల ఆస్తి, చుట్టూ ఫ్రాన్సు ఉన్నా లోపల పాలన పోపు ప్రతినిధిది. అంటే మోరీ పుట్టుకతోనే పోపు ప్రజ. 1790, 1791ల్లో అవిన్యాన్‌ను ఫ్రాన్సులో కలపాలా వద్దా అని సభలో చర్చ నడిచినప్పుడు, కలపకూడదని నిలబడి వాదించినవాళ్లలో మోరీ ముందున్నాడు. పుట్టినచోటు తెలియకుండా రాస్తే అదేదో మతఛాందసం లాగా కనబడుతుంది. తెలిసి రాస్తే, సొంత ఊరు ఎవరి ఏలుబడిలో ఉండాలనే గొడవ అని తెలుస్తుంది. 1791 సెప్టెంబర్ 14న కలిపేశారు, అది వేరే సంగతి.

కాబట్టి విప్లవకాలపు ఎవరి గురించి రాసినా, ఆ ఊరు ఆ సంవత్సరంలో ఎవరి చేతిలో ఉందో చూసుకోండి. ఇటలీలో ఇది ఇంకా గందరగోళం. రోము ఒక్కటే తీసుకుంటే 1798లో గణతంత్రం, తర్వాత మళ్లీ పోపు, 1809లో నెపోలియన్ సామ్రాజ్యంలో ముక్క, 1814లో మళ్లీ పోపు.

మూడు విషయాలు కలపొద్దు

మన దగ్గర కార్డినల్ అంటే బిషప్పు పైన ఇంకో మెట్టు అనుకుంటారు. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు కార్డినల్ అయినప్పుడు కూడా "ప్రమోషన్ వచ్చింది" అన్నట్టే మాట్లాడుకున్నారు. రాసేవాళ్లు మాత్రం మూడింటిని విడివిడిగా పట్టుకోవాలి. పట్టం ఒకటి, అంటే డీకనా (గురువుకు కింది మెట్టు), గురువా, బిషప్పా అన్నది. పదవి రెండోది, అంటే ఏ మేత్రాసనం (బిషప్పు పాలనలో ఉండే ప్రాంతం), ఏ మఠం, ఏ కార్యాలయం. హోదా మూడోది, కార్డినల్ అన్నది ఇదే, దీన్ని ఇచ్చేది పోపు ఒక్కడే, దీనివల్ల దక్కే పెద్ద హక్కు తర్వాతి పోపును ఎన్నుకోవడం.

ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉండాలని ఆ రోజుల్లో లేదు. మోరీకి సమకాలికుడైన ఎర్కోలె కొన్సాల్వినే చూడండి. పోపు ఏడో పయస్‌కు కుడిభుజం, వాటికన్ విదేశీ వ్యవహారాలన్నీ నడిపినవాడు, 1800లో కార్డినల్ అయ్యాడు, చచ్చేదాకా డీకన్‌గానే ఉన్నాడు, గురుపట్టం తీసుకోనే లేదు. "కార్డినల్ కొన్సాల్వి పూజ చేస్తూ" అని ఎక్కడైనా కనబడితే ఆ రాసినాయన ఊహించి రాశాడని లెక్క.

పాత ఫ్రాన్సులో ఇంకో మెలిక ఉంది. 1516లో కుదిరిన ఒప్పందం ప్రకారం బిషప్పుల పేర్లు చెప్పేది రాజు, ఆమోదపత్రం ఇచ్చేది పోపు. ఈ రెండు చేతుల వ్యవస్థ గుర్తుంచుకోండి, మోరీ కథ చివర్లో పీటముడి పడేది ఇక్కడే.

రాయడానికి కూర్చునే ముందు ఒక కాగితం తీసి గళ్లు గీయండి. సంవత్సరం, పదవి, ఇచ్చింది ఎవరు, డబ్బు ఎక్కడినుంచి, పోగొట్టింది ఎవరు. ఎక్సెల్లో చేసినా సరే. మోరీకి ఈ గళ్లు నింపితే మొదటి సగంలో రాజు పేరూ ఫ్రెంచి అకాడమీ పేరూ, మధ్యలో పోపు పేరు, చివర్లో నెపోలియన్ పేరు కనిపిస్తాయి. "పోగొట్టింది ఎవరు" అన్న గడిలో మాత్రం విప్లవ సభ, ఫ్రెంచి సైన్యం, పారిస్ గురువుల మండలి, పోపు, పద్దెనిమిదో లూయీ, ఇలా అందరూ వస్తారు. ఒకే మనిషిని ఇన్ని పక్షాలు శిక్షించిన సందర్భం చాలా అరుదు, అసలు ఆయన మీద నాకు ఆసక్తి పుట్టించింది ఈ ఒక్క గడే.

ఎదుగుదల భాగం క్లుప్తంగా

ఇక్కడ ఎక్కువ సేపు ఆగక్కర్లేదు. అవిన్యాన్‌లో చదువు, ఇరవై ఏళ్ల ప్రాయంలో పారిస్, గొంతు బాగుంది, మాట పదును, ఎవరిని పట్టుకుంటే పని జరుగుతుందో తెలుసు. 1772లో ఫ్రెంచి అకాడమీ ముందు సెయింట్ లూయీ మీద చేసిన ప్రశంసాప్రసంగంతో పేరొచ్చింది, 1784లో అదే అకాడమీకి ఎన్నికయ్యాడు, పికార్డీలోని లియాన్స్ మఠం ఆదాయం చేతికొచ్చింది. కుర్రాడు చెప్పులు కుట్టే ఇంటినుంచి వచ్చాడన్నది శత్రువులు ఆయన్ని వెక్కిరించడానికి వాడారు. మీరు దాన్ని సినిమా హీరో ఎదుగుదల లాగా పొంగించి రాయొద్దు. పాత ఫ్రాన్సులో బిషప్పు పదవులు దాదాపు అన్నీ ప్రభువుల కొడుకులకే పోయేవి, మోరీ లాంటి వాడికి దక్కేది ప్రసంగపీఠం, మఠం ఆదాయం, అకాడమీ కుర్చీ, అంతవరకే. విప్లవం రాకపోయి ఉంటే ఆయన బహుశా అక్కడే ఆగేవాడు. చర్చిని కూలుస్తోందని ఆయన తిట్టిన విప్లవమే ఆయన్ని కార్డినల్ మెట్టు ఎక్కించింది. ఈ ఒక్క వాక్యం మాత్రం ఈ భాగంలో తప్పకుండా ఉండాలి.

1789 నుంచి 1791 దాకా: ఇక్కడ తీరిగ్గా కూర్చోండి

అసలు సరుకంతా ఇక్కడే ఉంది. పెరోన్ ప్రాంతపు గురువుల ప్రతినిధిగా మోరీ ఎస్టేట్స్ జనరల్‌కు, అంటే రాజు పిలిచిన, తర్వాత విప్లవ సభగా మారిన ప్రతినిధుల సభకు వచ్చాడు. జులైలో పారిస్‌లోని బాస్తీయ్ కోట జనం చేతిలో పడగానే భయపడి పారిపోబోయాడు, పెరోన్‌లోనే పట్టుకున్నారు, విడిచిపెట్టాక తిరిగొచ్చి సభలో కూర్చున్నాడు. ఈ పారిపోవడాన్ని దాచి "ధీరుడు" అని రాసేవాళ్లున్నారు, దీన్నొక్కదాన్నే పట్టుకుని "పిరికివాడు" అని రాసేవాళ్లూ ఉన్నారు. రెండూ పక్కపక్కన పెట్టండి. పారిపోబోయి దొరికిన మనిషి తిరిగొచ్చి రెండేళ్లపాటు రోజూ గ్యాలరీల కేకల మధ్య మాట్లాడాడు.

ఏయే విషయాల మీద మాట్లాడాడో విడగొట్టి రాయండి. మొదటిది ఆస్తి. 1789 అక్టోబర్ 10న చర్చి ఆస్తుల్ని దేశం చేతికి తీసుకోవాలని ప్రతిపాదించినాయన ఎవరో కాదు, ఓతాఁ బిషప్పు తాలిరాన్. మోరీ దాన్ని ఎదిరించాడు, నవంబర్ 2న సభ ఆమోదించింది. చర్చి ఆస్తి మీద మొదటి దెబ్బ బిషప్పు వేశాడు, దాన్ని కాపాడటానికి నిలబడింది చెప్పులు కుట్టేవాడి కొడుకు. ఇది మీకు దొరికిన బంగారం లాంటి విషయం, అలంకారాలు పెట్టి పాడు చేసుకోకండి.

రెండోది గురువుల పౌర శాసనం, 1790 జులై 12. జిల్లాకొక మేత్రాసనం చొప్పున మొత్తం 83కి కుదించారు, బిషప్పుల్ని ఓటర్లే ఎన్నుకోవాలన్నారు, పోపుకు ఒక ఉత్తరం రాసి తెలియజేస్తే చాలన్నారు. నవంబర్ 27న, ఈ శాసనంతో సహా కొత్త రాజ్యాంగానికి కట్టుబడి ఉంటామని గురువులందరూ ప్రమాణం చేయాలని ఇంకో శాసనం. ఫ్రెంచి గురువుల్లో నిట్టనిలువునా చీలిక తెచ్చింది ఇదే. మోరీ జీవితాన్ని ఈ ప్రమాణం గురించి వివరించకుండా రాస్తే, తర్వాత ఏం జరిగినా పాఠకుడికి అంతుపట్టదు. పోపు ఆరో పయస్ 1791 మార్చిలో, ఏప్రిల్లో ఈ శాసనాన్ని ఖండించాడు.

మూడోది చాలా జీవితచరిత్రలు మెల్లగా దాటేసేది. 1789 డిసెంబర్లో యూదులకు పౌరహక్కులు ఇవ్వాలా అని చర్చ జరిగినప్పుడు మోరీ వద్దని మాట్లాడాడు. ఆయన మీద అభిమానంతో రాస్తున్నా సరే, ఇది వదిలేయకూడదు. చర్చి హక్కుల కోసం కొట్లాడిన మనిషి ఇతరుల హక్కుల దగ్గర ఎలా ఉన్నాడో పాఠకుడు చూసుకోవాలి. దాని మీద మీరు పేజీలకు పేజీలు తీర్పు రాయక్కర్లేదు, ఆ చర్చ ఏమిటో, ఏ పక్షాన నిలబడ్డాడో చెబితే చాలు.

ఇక మాటల గురించి. మోరీ పేరు చెప్పగానే అందరూ చెప్పే కథ ఒకటుంది. వీధిలో గుంపు "దీపస్తంభానికి వేలాడదీయండి" అని అరిస్తే, నన్ను వేలాడదీస్తే మీకు వెలుతురు ఎక్కువ కనిపిస్తుందా ఏంటి అని ఈయన ఎదురు అడిగాడట, గుంపు నవ్వేసి వదిలేసిందట. కథ అద్భుతంగా ఉంది, పెట్టండి, కాకపోతే "అని చెబుతారు" అన్న ముక్కతో పెట్టండి. ఇలాంటి చమత్కారాలు ఆయన బతికుండగానే పుట్టగొడుగుల్లా పుట్టాయి, పొగిడేవాళ్లూ తిట్టేవాళ్లూ ఇద్దరూ పుట్టించారు. సభలో చేసిన ప్రసంగానికీ వీధిలో అన్న మాటకూ ఒకే బరువు ఇవ్వకండి.

ప్రసంగాల దగ్గర కూడా ఒక ఉచ్చు ఉంది. అందరూ మోనితూర్ పత్రికను ఆధారంగా చూపిస్తారు. ఆ పత్రిక మొదటి సంచిక వచ్చిందే 1789 నవంబర్ 24న. అంతకు ముందు నెలల సంచికలు అని ఇప్పుడు కనిపించేవి కొన్నేళ్ల తర్వాత వేరే కాగితాల నుంచి కూర్చినవి. అంటే చర్చి ఆస్తుల మీద అక్టోబర్లో మోరీ చేసిన ప్రసంగం అందులో ఉంటే, అది ఆ రోజు కూర్చుని రాసుకున్న విలేకరి రాత కాదు. విడిగా అచ్చైన ప్రసంగ ప్రతులు ఉంటే వాటితో పోల్చండి. ఫ్రెంచి జాతీయ గ్రంథాలయం వాళ్ల గాలికా సైటులో ఇలాంటివి ఉచితంగా చదవొచ్చు, ఫ్రెంచి రాకపోయినా తారీఖు, పేరు, పేజీ పోల్చుకునే పని గూగుల్ అనువాదంతో గడిచిపోతుంది. కొటేషన్ మాత్రం గూగుల్ ఇచ్చింది ఇచ్చినట్టు పెట్టకండి, దయచేసి.

తారీఖుల టెన్షన్

1793 అక్టోబర్ నుంచి 1805 చివరిదాకా ఫ్రాన్సులో అధికారిక పత్రాల మీద విప్లవ క్యాలెండర్ ఉంటుంది. ఫ్రాన్సు చర్చి గురించి పోపుకూ నెపోలియన్‌కూ కుదిరిన ఒప్పందం మీద తొమ్మిదో సంవత్సరం మెసిదోర్ 26 అని ఉంటుంది, అది 1801 జులై 15. రోము నుంచి వచ్చిన ఉత్తరాల మీద మామూలు తారీఖే ఉంటుంది. ఒకే సంఘటనకు రెండు పత్రాల్లో రెండు రకాల తారీఖులు కనబడితే కంగారుపడకండి, అన్నిటినీ మామూలు క్యాలెండర్లోకి మార్చి ఒకే వరసలో పెట్టుకుని ఆ తర్వాతే రాయండి. మార్చే పట్టికలు నెట్లో బోలెడు ఉన్నాయి.

కార్డినల్ అయింది ఎలా

సభ పని ముగిశాక మోరీ ఫ్రాన్సు వదిలి రోము చేరాడు. పోపు ఆయన్ని వీరుడిలాగా చూశాడు. 1792లో నైసియా అనే పేరుకు మాత్రమే మిగిలిన పీఠానికి అగ్రపీఠాధిపతిని చేసి, రెండో ఫ్రాన్సిస్ చక్రవర్తి ఎన్నిక జరుగుతున్న ఫ్రాంక్‌ఫర్ట్‌కు తన ప్రతినిధిగా పంపాడు. 1794లో కార్డినల్ హోదా, రోముకు ఉత్తరాన ఉన్న మోంటెఫియాస్కోనె మేత్రాసనం. 1798లో ఫ్రెంచి సైన్యం వచ్చేసరికి మారువేషంలో తప్పించుకుని వెనిస్ చేరాడు. ఆరో పయస్ 1799 ఆగస్టు 29న వాలాన్స్‌లో బందీగా చనిపోయాడు, కొత్త పోపు ఎన్నిక రోములో కాకుండా వెనిస్‌లో ఆస్ట్రియా నీడన జరిగింది, 1800 మార్చి 14న ఏడో పయస్ ఎన్నికయ్యాడు. ఆ ఎన్నికకు కార్యదర్శి కొన్సాల్వి, ఓటర్లలో ఒకడు మోరీ. ఆ తర్వాత ప్రవాసంలో ఉన్న పద్దెనిమిదో లూయీ మోరీని పోపు దగ్గర తన రాయబారిగా పెట్టుకున్నాడు. ఇక్కడిదాకా గళ్లు చూస్తే అన్నీ ఒకే పక్షం.

ఈ భాగంలో పోలికకు ఇంకో కార్డినల్‌ను తెచ్చుకోండి. లోమెనీ ద బ్రియెన్, ప్రభువుల ఇంటి బిడ్డ, పదహారో లూయీకి ఆర్థికమంత్రి, సాన్స్ అగ్రపీఠాధిపతి, 1788లో కార్డినల్. ఈయన విప్లవ ప్రమాణం చేశాడు, పోపు మందలించగానే 1791లో ఎర్ర టోపీ వద్దని తిప్పి పంపేశాడు, పోపు కూడా ఆ హోదా తీసేశాడు. అంత చేసినా విప్లవం ఆయన్ని వదల్లేదు, 1794 ఫిబ్రవరిలో సాన్స్‌లో నిర్బంధంలోనే చనిపోయాడు. ఆయన టోపీ పోగొట్టుకున్న మూడేళ్లకు మోరీకి టోపీ దక్కింది. ఇద్దరినీ రెండు పేరాల్లో ఎదురెదురుగా పెడితే ఆ రోజుల్లో ఎవరి పక్షాన ఉండటం ఎంత లాభమో ఎంత ప్రమాదమో పాఠకుడికి మీరు విడిగా చెప్పక్కర్లేదు.

పక్షం మారిన సంవత్సరం ఏది?

ఇదే అసలు పరీక్ష. 1804లో మోరీ నెపోలియన్‌కు అభినందన ఉత్తరం రాశాడు, 1806లో పారిస్ తిరిగొచ్చాడు, నెపోలియన్ తమ్ముడు జెరోమ్ కొలువులో గురువు పదవి, 1807లో మళ్లీ అకాడమీ ప్రవేశం. ఆ ప్రవేశ సభలో తనను "మోన్సిన్యర్" అని పిలవాల్సిందేనని పట్టుబట్టి నవ్వులపాలయ్యాడు కూడా. మన దగ్గర ఎన్నికల సీజన్లో కండువా మార్చిన నాయకుడి గురించి రాసినట్టు, చాలామంది 1804 దగ్గరే "ఫిరాయించాడు" అని రాసేస్తారు.

నేనైతే అలా రాయను, ఎందుకో చెబుతా. 1801లో నెపోలియన్‌తో ఒప్పందం కుదుర్చుకున్నది స్వయంగా పోపు. దానికోసం పారిస్ వెళ్లి, చివరి నిమిషంలో మార్చి పెట్టిన కాగితం మీద సంతకం చేయనని మొండికేసి, ఎలాగోలా గట్టెక్కించింది కొన్సాల్వి. 1804 డిసెంబర్ 2న నోత్రదామ్‌లో నెపోలియన్ పట్టాభిషేకానికి ఆల్ప్స్ దాటి వచ్చి కూర్చున్నది కూడా పోపే. పోపే వెళ్లిన సంవత్సరంలో ఒక కార్డినల్ ఉత్తరం రాస్తే చర్చి దృష్టిలో ద్రోహం ఎలా అవుతుంది? ద్రోహం అని అనగలిగింది ఒక్కడే, రాజ్యం లేని పద్దెనిమిదో లూయీ, ఎందుకంటే మోరీ ఆయన రాయబారి. అందుకే 1804 గురించి రాసేటప్పుడు రాజుకు ద్రోహం అని రాయండి, పోపుకు ద్రోహం అని రాయకండి.

గీత గీయాల్సింది 1809 దగ్గర. మే 17న నెపోలియన్ రోమును తన సామ్రాజ్యంలో కలిపేశాడు. జూన్లో పోపు వెలి పత్రం ఇచ్చాడు. జులై 6న ఫ్రెంచి సైనికులు పోపును పట్టుకెళ్లారు, సవోనాలో ఉంచారు. అక్కడినుంచి ఏ కార్డినల్ ఏం చేసినా దాని అర్థం వేరు. అందుకే 1810 సంఘటనలను 1804 సంఘటనలతో కలిపి ఒకే పేరాలో రాయొద్దు, మధ్యలో పోపు అరెస్టు పెట్టి తీరాలి.

1810 ఏప్రిల్ 2న నెపోలియన్ ఆస్ట్రియా రాకుమార్తె మరీ లూయీజ్‌ను చర్చి పద్ధతిలో పెళ్లాడాడు. జోసెఫిన్‌తో మొదటి పెళ్లి చెల్లదని తేల్చింది పారిస్ మేత్రాసన న్యాయస్థానం, పోపు కాదు. ఆ కారణంగా 13 మంది కార్డినల్స్ ఆ వేడుకకు రాలేదు. నెపోలియన్ వాళ్ల ఆదాయాలు లాక్కుని, ఎర్రబట్టలు వేసుకోవద్దని ఆజ్ఞాపించి, తలా ఒక ఊరికి తరిమాడు. నల్ల కార్డినల్స్ అన్న పేరు వాళ్లకు అలా వచ్చింది. కొన్సాల్వి వాళ్లలో ఒకడు, ఆయన్ని రీమ్స్ పంపారు. మోరీ ఎర్రబట్టల్లోనే ఉన్నాడు.

అదే ఏడు అక్టోబర్లో నెపోలియన్ మోరీని పారిస్ అగ్రపీఠానికి నియమించాడు. పోపు బందీగా ఉండి ఆమోదపత్రాలు ఇవ్వడం ఆపేశాడు, అది ఆయన చేతిలో మిగిలిన ఒకే ఒక్క ఆయుధం. నెపోలియన్ మనుషులు దానికి పక్కదారి కనిపెట్టారు. పారిస్ గురువుల మండలి చేత మోరీకి తాత్కాలిక పాలనాధికారం ఇప్పించారు, దాంతో పోపు కాగితం లేకుండానే పని నడిచింది. నవంబర్ 5న పోపు సవోనా నుంచి ఉత్తరం రాసి వెంటనే ఆ పీఠం వదలమన్నాడు, నువ్వు ఇంకా మోంటెఫియాస్కోనె మేత్రాసనానికి కట్టుబడి ఉన్నావని గుర్తుచేశాడు. మోరీ కదల్లేదు. ఆ ఉత్తరం విషయంలో పారిస్ గురువు దస్త్రోస్ 1811 మొదట్లో అరెస్టై 1814 దాకా వాఁసెన్ జైల్లో గడిపాడు. ఉత్తరం అందుకున్న మనిషి అగ్రపీఠాధిపతి భవనంలో, దాన్ని పదిమందికీ తెలిపాడన్న మనిషి జైల్లో. విమర్శ చేయాలంటే ఇక్కడ చేయండి. ఇక్కడ మీకు ఆధారం ఉంది, తారీఖు ఉంది, వద్దని రాసిన పోపు ఉత్తరం ఉంది. 1804 దగ్గర ఇవేవీ లేవు.

కొన్సాల్వి మాటను ఎంత నమ్మాలి

మోరీకి ఎదురుగా కొన్సాల్విని నిలబెట్టగానే ఒకరు విలన్ ఒకరు హీరో అయిపోతారు, జాగ్రత్త. కొన్సాల్వి జ్ఞాపకాలు చాలా ఆసక్తిగా చదివిస్తాయి, 1801 సంతకం రాత్రి గొడవంతా మనకు అంత వివరంగా తెలిసింది చాలావరకు వాటివల్లే. కానీ అవి ఆయన రీమ్స్‌లో నిర్బంధంలో ఉండి, ఫ్రెంచి పోలీసులకు తెలియకుండా, పదేళ్ల కిందటి సంగతుల్ని గుర్తుచేసుకుంటూ రాసినవి. అచ్చులోకి వచ్చింది 1864లో, ఆయన చనిపోయిన నలభై ఏళ్లకు. మనిషి నిజాయితీపరుడే, అయినా ఓడినవాడి చేతి రాత ఓడినవాడి కోణంలోనే ఉంటుంది. ఆ రోజుల్లో ఆయనే రోముకు పంపిన ఉత్తరాలు దొరికినచోట వాటికే ముందు పీట వేయండి.

పైగా కొన్సాల్వి కూడా వంగాల్సినచోట వంగినవాడే. 1801లో పాత బిషప్పులందరి చేత రాజీనామాలు అడిగించే షరతుకు పోపు తరఫున ఒప్పుకున్నాడు, విప్లవానికి ఎదురు నిలిచి దేశాలు పట్టిపోయిన బిషప్పులకు అది గుండెకోత. 1806లో నెపోలియన్ ఒత్తిడికి పదవి వదులుకున్నాడు. తేడా ఎక్కడంటే, కొన్సాల్వి వంగిన ప్రతిసారీ వెనక పోపు సమ్మతి ఉంది. మోరీ 1810లో కదలనన్నప్పుడు లేదు. మళ్లీ మన మొదటి ప్రశ్నకే వచ్చాం చూశారా.

పతనం రాసేటప్పుడు

1814లో నెపోలియన్ పడిపోగానే పారిస్ గురువుల మండలి మోరీకి ఇచ్చిన అధికారం వెనక్కి తీసుకుంది. రోము వెళితే అక్కడ మొహం చూసేవాడు లేడు, 1815లో కాస్తెల్ సాంత్ ఆంజెలో కోటలో కొన్ని నెలలు ఖైదు. అదే కోటలో 1798లో ఫ్రెంచివాళ్లు కొన్సాల్విని పెట్టారు. ఇప్పుడు కొన్సాల్వి, నెపోలియన్ తర్వాత యూరప్ హద్దులు తేల్చిన వియన్నా మహాసభలో కూర్చుని పోపు రాజ్యాన్ని దాదాపు మొత్తంగా తిరిగి రాబడుతున్నాడు, అవిన్యాన్ మాత్రం రాలేదు. మోరీ మోంటెఫియాస్కోనె పీఠానికి రాజీనామా ఇచ్చి బయటపడ్డాడు. 1816లో పద్దెనిమిదో లూయీ ప్రభుత్వం అకాడమీ నుంచి ఆయన పేరు కొట్టేసింది. 1817 మేలో రోములో చనిపోయాడు. ఏడో పయస్ పగ పట్టలేదు, శాంతా మరియా ఇన్ వల్లిచెల్లా గుడిలో ఖననం చేయించాడు.

ఇక్కడ ఏడిపించే రాతలు వద్దు. ఎవరెవరు ఏ కారణంతో శిక్షించారో విడివిడిగా చెప్పండి చాలు. రాజు కోపం 1804 మీద, పోపు కోపం 1810 మీద. రెండు శిక్షలూ కలిపి "చేసిన పాపం పండింది" అని రాస్తే ఇంతసేపు మనం గీసిన గళ్లన్నీ వృథా.

అచ్చుకు ముందు చూసుకోవాల్సినవి

పేర్లు ఒకే రకంగా రాయండి. మోరీ, మౌరీ, మారి అని మూడు చోట్ల మూడు రకాలుగా పెడితే వెతుక్కునేవాడికి దొరకదు. తాలిరాన్ ఇద్దరున్నారు. ఆస్తుల ప్రతిపాదన చేసిన ఓతాఁ బిషప్పు అన్న కొడుకు వరస, 1817లో పారిస్‌కు పేరు ఖాయమైన కార్డినల్ తాలిరాన్ పెరిగోర్ బాబాయి వరస. పయస్‌లు ఇద్దరున్నారు, ఇద్దరినీ ఫ్రెంచివాళ్లు పట్టుకెళ్లారు, బందీగా చనిపోయింది ఆరో పయస్ మాత్రమే. "అబ్బే మోరీ" (అబ్బే అంటే ఫ్రెంచిలో గురువును పిలిచే మాట) అని 1789 నాటి పత్రాల్లో ఉంటే దాన్ని కార్డినల్ మోరీ అని మార్చకండి, ఆ రోజుకు ఆయన కార్డినల్ కాదు.

చివరగా పదవుల పట్టిక. తెలుగు వికీపీడియాలోనో ఇంకెక్కడో పారిస్ అగ్రపీఠాధిపతుల వరసలో ఈయన పేరు పెట్టాల్సివస్తే, 1808లో 98 ఏళ్ల వయసులో చనిపోయిన కార్డినల్ బెలువా తర్వాత, తాలిరాన్ పెరిగోర్ కంటే ముందు వస్తుంది. పెట్టండి, కానీ పక్కన "నెపోలియన్ నియమించాడు, పోపు ఆమోదం లేదు" అని రాసి పెట్టండి. అదే కాలానికి మోంటెఫియాస్కోనె బిషప్పుల వరసలో కూడా ఈయన పేరే ఉంటుంది, 1810 నుంచి 1814 దాకా రెండు పట్టికల్లోనూ ఒకే మనిషి కనిపిస్తాడు. ఎవరైనా వచ్చి ఇది పొరపాటు, ఒకటి తీసేయండి అంటే తీయకండి, సవోనా నుంచి వచ్చిన ఉత్తరం తేదీ చూపించండి.